పాడ్‌కాస్ట్‌తో నెల గడవాలంటే: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

వారానికో ఎపిసోడ్. ఒక్కోదానికి పది పన్నెండు గంటల పని. మైకు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్వ్యూకి వెళ్లిన చోట ఆటో ఖర్చు, అన్నీ సొంత జేబులోంచే. ఏడాది గడిచేసరికి ఇంట్లోవాళ్లు మెల్లగా అడుగుతారు, "దీని మీద ఏమైనా వస్తుందా?" అని. ఊళ్ల పేర్ల వెనక కథల మీద నేను నాలుగేళ్లుగా పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. మొదటి రెండేళ్లూ నా జవాబు "వస్తుంది, కాస్త ఆగండి". ఆగినందుకు వచ్చిందేమీ లేదు. లెక్క వేసుకుని దారి మార్చాక కొంత వచ్చింది.

డబ్బు వచ్చే దారులు ప్రధానంగా నాలుగు: యూట్యూబ్ ప్రకటనలు, స్పాన్సర్లు, శ్రోతలు నేరుగా ఇచ్చేది, మనం అమ్ముకునేది. వీటిలో ఏది మంచిదని అడిగితే ఎవరూ చెప్పలేరు. మీకు ఏది సరిపోతుందో మాత్రం తేల్చుకోవచ్చు.

## ముందు చూసుకోవాల్సినవి

మీ శ్రోతలు ఎక్కడున్నారు? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వరంగల్‌లో వెయ్యిమంది వింటే ఒక లెక్క, డల్లాస్‌లో వెయ్యిమంది వింటే ఇంకో లెక్క. యూట్యూబ్ స్టూడియోలో, స్పాటిఫై డాష్‌బోర్డులో దేశాలవారీగా కనిపిస్తుంది. చాలామంది మొత్తం వ్యూస్ చూసి మురిసిపోతారు తప్ప ఆ పేజీ తెరవరు.

ఎంతమంది అనే దానికన్నా, ఎంత గట్టిగా వింటారు? ఎపిసోడ్ ఆలస్యమైతే "ఏమైంది, ఒంట్లో బాగుందా?" అని మెసేజ్ పెట్టేవాళ్లు పదిమంది ఉన్నారా? వాళ్లే రేపు డబ్బులిచ్చేవాళ్లు.

ఆ డబ్బు తేవడానికి ఇంకెంత పని? స్పాన్సర్ల వెంట తిరగడం ఒక ఉద్యోగం. సభ్యులకు ప్రత్యేక ఎపిసోడ్లు చేయడం ఇంకో ఉద్యోగం.

తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? రూల్ మారితే, యాప్ మూతపడితే మీకేం మిగులుతుంది? గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడింది. అందులో వినేవాళ్లు ఎటు పోయారో చాలామందికి తెలియనే తెలియదు.

## నెలకు 25,000 రావాలంటే ఎంతమంది కావాలి?

దారులన్నిటినీ ఒకే కొలతతో చూద్దాం. నెలకు 25,000 రూపాయలు చేతికి రావాలి. కింది లెక్కలు నేను అనుకుని వేసినవి, మీ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

| దారి | నేను అనుకున్న లెక్క | 25,000కి కావాల్సింది |
|---|---|---|
| యూట్యూబ్ ప్రకటనలు | వెయ్యి వ్యూస్‌కి మన వాటా 50 రూపాయలు | నెలకు 5 లక్షల వ్యూస్ |
| స్పాన్సర్ | నెలకు 4 ఎపిసోడ్లు, ఒక్కోదానికి 6,250 | ఒప్పుకునే ఒక్క సంస్థ |
| యూట్యూబ్ మెంబర్‌షిప్, నెలకు 100 | పన్ను పోను మిగిలిందాంట్లో మనకు 70 శాతం | సుమారు 420 మంది |
| సొంత పేమెంట్ పేజీ, నెలకు 100 | డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే ఛార్జీ 2 శాతం, దాని మీద జీఎస్టీ | సుమారు 255 మంది |
| పేట్రియాన్ (నెలనెలా చందా కట్టే విదేశీ సైటు), నెలకు 5 డాలర్లు | కోతలు పోను 4 డాలర్లు, డాలరు 85 రూపాయలు | సుమారు 75 మంది |
| సొంత వర్క్‌షాప్ | మనిషికి 2,500 | నెలకు 10 మంది |

మూడో వరుసలో 420 మంది, చివరి వరుసలో 10 మంది. తెలుగులో వెయ్యి, రెండు వేలమంది వినే పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లకు ఈ తేడాలోనే సగం జవాబు దొరుకుతుంది.

## యూట్యూబ్ ప్రకటనలు

తెలుగువాళ్లు పాడ్‌కాస్ట్ వినేది ఎక్కువగా యూట్యూబ్‌లోనే. కాబట్టి అక్కడ ఉండక తప్పదు. దాని మీద బతకొచ్చా అన్నది వేరే సంగతి.

ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. షార్ట్స్ దారిలో వెళ్తే 90 రోజుల్లో కోటి వ్యూస్. మామూలు వీడియోల ప్రకటనల్లో వీడియో చేసినవాళ్లకు 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం. ఖాతాలో 100 డాలర్లు నిండితేనే బ్యాంకుకు పంపుతారు. మొదట్లో చిరునామా సరిచూడటానికి పిన్ నంబరు పోస్టులో వస్తుంది. ఉత్తరాల కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూడటం మర్చిపోయిన నాకు మళ్లీ ఆ పని పడింది.

గంటసేపు నింపాదిగా మాట్లాడుకునే కార్యక్రమానికి వాచ్ టైమ్ గంటలు తొందరగానే నిండుతాయి, ఆ మేరకు పాడ్‌కాస్టర్లకు ఇది కలిసొచ్చే రూలే. 5 లక్షల వ్యూస్ దగ్గరే కష్టం. అందుకోసం తంబ్‌నెయిల్ మీద కన్నీళ్లు, ఎర్ర బాణాలు, "ఈ నిజం తెలిస్తే షాక్" లాంటివి మొదలవుతాయి. సినిమావాళ్ల ఇంటర్వ్యూలు చేసేవాళ్లకు ఇది నడుస్తుంది. శాసనాల మీదో, వ్యవసాయం మీదో మాట్లాడేవాళ్లు ఆ పోటీలోకి దిగితే డబ్బు రాకపోగా ఉన్న శ్రోతలూ చిరాకుపడతారు.

ఇంకో రెండు విషయాలు. అమెరికాలో చూసేవాళ్లు ఎక్కువుంటే వెయ్యి వ్యూస్‌కి వచ్చేది కొన్ని రెట్లు పెరుగుతుంది. అయితే గూగుల్‌కి అమెరికా పన్ను వివరాలు ఇవ్వకపోతే మొత్తం ఆదాయంలోంచి 24 శాతం దాకా కోత పడొచ్చు. ఇస్తే అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చినదానికే కోత, అదీ భారత్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం తక్కువ రేటులో. రెండోది పాటలు. మధ్యలో సినిమా పాట పది సెకన్లు వేసినా ఆ ఎపిసోడ్ ప్రకటనల డబ్బు ఆడియో కంపెనీకి వెళ్లిపోవచ్చు. పాట గురించి చెప్పాలంటే నోటితో చెప్పండి.

## స్పాన్సర్లు

అమెరికాలో స్పాన్సర్ రేటు వెయ్యి డౌన్‌లోడ్‌లకు ఇన్ని డాలర్లని నడుస్తుంది. హోస్టు తన గొంతుతో చదివే ప్రకటనకు 15 నుంచి 30 డాలర్లు మామూలు. మనం ఆ లెక్కలోకి దిగితే నష్టం మనకే. 2,000 మంది వినే పాడ్‌కాస్టుకు 20 డాలర్ల చొప్పున వచ్చేది 40 డాలర్లు, అంటే 3,400 రూపాయలు. ఆ పనికి ఆ డబ్బు చాలదు. చిన్న పాడ్‌కాస్టులు ఎపిసోడ్‌కి ఇంత, లేదా నెలకు ఇంత అని చెప్పాలి. "ఎంతమంది వింటారు" అని అడిగితే అంకె చెప్పి, వెంటనే "ఎవరు వింటారు" అనేది చెప్పండి. మీరు చెప్పేది వినే 2,000 మంది రైతులు ఒక డ్రిప్ ఇరిగేషన్ డీలరుకు, అందరూ చూసే 2 లక్షల వ్యూస్ కన్నా విలువైనవాళ్లు.

తెలుగు కార్యక్రమాల వెంటపడే స్పాన్సర్లు ఎవరో తెలిసిందే. ప్లాట్లు అమ్మేవాళ్లు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, సంతాన సాఫల్య కేంద్రాలు, పచ్చళ్లవాళ్లు. నా ఓటు పచ్చళ్లకు. మాట నిలబెట్టుకున్నదీ లేనిదీ శ్రోతకు మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. ప్లాట్ల సంగతి అలా కాదు. లేఅవుట్‌కి అనుమతి ఉందో లేదో మనం చూడలేం, కానీ రేపు శ్రోత అడిగేది మననే. ఒక రియల్ ఎస్టేట్ సంస్థ నాతో మూడు ఎపిసోడ్లు చేయించుకుని, డబ్బు ఐదు నెలలకు ఇచ్చింది. అదీ ఇద్దరు మనుషుల చేత చెప్పిస్తే. అప్పట్నుంచి సగం ముందే తీసుకుంటున్నాను. మీరూ మొహమాటపడొద్దు.

బెట్టింగ్ యాప్‌లు మాత్రం ఎంత ఇస్తామన్నా వద్దు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు ఈ ప్రచారాల మీద నటులపైనా ఇన్‌ఫ్లుయెన్సర్లపైనా కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటనలు చేయడాన్నే నేరం చేసింది.

ప్రకటన అని చెప్పడమూ తప్పనిసరే. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆడియోలో అయితే మొదట్లోనూ చివరిలోనూ, మధ్యలో విరామం వస్తే దాని ముందూ తర్వాతా ఆ మాట వినిపించాలి. "ఈ భాగం ఫలానావారి ప్రకటన" అని సూటిగా అంటే ఎవరూ తప్పుపట్టరు. దాచి, తర్వాత దొరికిపోతేనే పరువు పోతుంది.

పన్ను సంగతి: ఒక కంపెనీ నుంచి ఏడాదికి 50,000 దాటితే ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేవరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

## శ్రోతలే ఇచ్చేది

"తెలుగువాళ్లు వినడానికి డబ్బులివ్వరండీ" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. ఒకప్పుడు రేడియో ఉన్న ప్రతి ఇల్లూ పోస్టాఫీసుకు వెళ్లి ఏటా లైసెన్సు ఫీజు కట్టేది. హరికథలో, పద్యనాటకంలో చదివింపులు ఎలా నడిచేవో గుర్తుందా? "ఫలానా ఊరు, ఫలానా వారు నూట పదహార్లు" అని మైకులో పేరు చదివితే ఇచ్చినాయనకు ఆనందం, పక్కాయనకు పౌరుషం. లైవ్‌లో డబ్బిచ్చి తన మెసేజ్ అందరికీ కనబడేలా చేసుకునే యూట్యూబ్ సూపర్‌చాట్ చేసేదీ అదే. 2007 నుంచి ఆడమ్ కర్రీ, జాన్ డ్వొరాక్ నడుపుతున్న అమెరికా పాడ్‌కాస్ట్ 'నో అజెండా' ఒక్క ప్రకటన లేకుండా శ్రోతలిచ్చే డబ్బు మీదే నడుస్తోంది. ఇచ్చినవాళ్ల పేర్లు షోలోనే చదువుతారు, వాళ్లను నిర్మాతలంటారు. చదివింపుల సంగతి వాళ్లకు ఎవరు చెప్పారో!

అయితే ఇది అందరికీ కుదరదు. అమెరికా పాడ్‌కాస్టర్ టిమ్ ఫెరిస్ అంత పేరున్నవాడు 2019లో ప్రకటనలు మానేసి శ్రోతల చందాలతో నడుపుతానన్నాడు. కొన్ని వారాల్లోనే మళ్లీ ప్రకటనల దారి పట్టాడు. శ్రోతల్లో చాలామంది ప్రకటనలే నయమన్నారట. వినేవాళ్లకు "ఇది నాది" అనిపించే కార్యక్రమాలకే చందాలు వస్తాయి. సాహిత్యం, స్థానిక చరిత్ర, ఒక ప్రాంతం యాస, ఒక వృత్తి. సెలబ్రిటీ ఇంటర్వ్యూలకు లక్షల వ్యూస్ రావచ్చు గాని చందా రాదు. అక్కడ శ్రోత వచ్చింది అతిథి కోసం.

డబ్బు తీసుకునే పద్ధతులు శ్రోత ఎక్కడున్నాడనేదాన్ని బట్టి మారతాయి.

విదేశాల్లో ఉంటే పేట్రియాన్. 2025 ఆగస్టు 4 తర్వాత పేజీ తెరిచినవాళ్ల దగ్గర 10 శాతం తీసుకుంటుంది, పేమెంట్ ఛార్జీలు అదనం. ఐఫోన్ యాప్ లోపల ఆపిల్ చెల్లింపుతో చేరితే ఆపిల్ 30 శాతం కూడా కలుస్తుంది కాబట్టి బ్రౌజర్‌లో చేరమని ఎపిసోడ్‌లోనే చెప్పండి. ఇండియా శ్రోతలను మాత్రం అటు పంపొద్దు. నెలనెలా కార్డులోంచి దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబరు నుంచి పెట్టిన నిబంధనల వల్ల విదేశీ సైట్లలో అవి ఆగిపోతుంటాయి. ఇష్టంగా చేరినాయన రెండో నెలకే జారిపోతాడు, ఆ సంగతి ఆయనకూ తెలియదు.

ఇక్కడుంటే యూపీఐ. పేమెంట్ గేట్‌వేలో పేజీ తెరిస్తే ఆటోపే పెట్టుకోవచ్చు. అది కూడా వద్దనుకుంటే క్యూఆర్ కోడ్ చాలు. నెలకు 100 అడిగినప్పటికన్నా "ఏడాదికి 1,116" అన్నప్పుడు నాకు ఎక్కువమంది ఇచ్చారు. అది మనకు అలవాటైన అంకె, ఇచ్చేవాళ్ల చేయి తడబడదు. పైగా నెలనెలా గుర్తుచేసే పనీ లేదు.

యూట్యూబ్ మెంబర్‌షిప్ సులువు, 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వాచ్ టైమ్ ఉంటే తెరుచుకుంటుంది. కోత ఎక్కువ, సభ్యుల ఈమెయిల్ మీకు దక్కదు. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ చందా ఏడాదికి 19.99 డాలర్లు మనమే కట్టి తెరవాలి, మొదటి ఏడాది 30 శాతం, తర్వాత 15 శాతం ఆపిల్‌ది. శ్రోతల చేతుల్లో ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే ఉన్నప్పుడు దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

వార్తలు, రాజకీయాల మీద పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు ఇక్కడ ఆగి జాగ్రత్త పడాలి. విదేశీ విరాళాల చట్టం ప్రకారం వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు చేసేవాళ్లు విదేశీ విరాళం తీసుకోకూడదు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ మేనమామ పంపితే అవుతుంది. సభ్యత్వ రుసుము, విరాళం ఒకటి కావు. పేజీలో ఏ మాట రాస్తున్నారో ముందే ఆడిటరుకు చూపించండి.

## మీరు అమ్ముకునేది

తక్కువమంది శ్రోతలున్నవాళ్లకు నేను మొదట చెప్పే దారి ఇది. రచయిత అమిత్ వర్మ 2017లో 'ది సీన్ అండ్ ది అన్‌సీన్' అనే ఇంగ్లీషు పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. గంటల తరబడి సాగే సంభాషణలు, వినడానికి ఉచితం. ఆయన 2020లో రాయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టారు, ఫీజు 10,000 రూపాయలు, జీఎస్టీ అదనం. అన్ని గంటలు ఆయన ఆలోచన విన్న మనిషికి ఆ కోర్సు గురించి కొత్తగా నచ్చజెప్పే పనుండదు.

దీన్ని మన కొలతకు తెచ్చుకుందాం. పిల్లల కథలు చెప్పే ఆమె ఆదివారం కథలు చెప్పడం నేర్పే క్లాసు పెట్టొచ్చు. పద్యాల మీద ఎపిసోడ్లు చేసే మాస్టారు, అమెరికాలో పుట్టిన పిల్లలకు వారానికి రెండు గంటలు తెలుగు చెప్పొచ్చు. గొంతు బాగుంటే ఆడియోబుక్కులు, కార్పొరేట్ వీడియోల వాయిస్ ఓవర్, ఇంకొకరి పాడ్‌కాస్ట్ ఎడిటింగ్. చరిత్ర పాడ్‌కాస్టర్ డాన్ కార్లిన్ కొత్త ఎపిసోడ్లు ఉచితంగా ఇచ్చి, పాతవి అమ్ముతాడు. కల్పిత కథల పాడ్‌కాస్ట్ 'వెల్‌కమ్ టు నైట్ వేల్' బృందం ఊరూరా తిరిగి వేదిక మీద షోలు చేస్తుంది.

ఇబ్బంది ఒకటుంది. క్లాసులు పెరిగేకొద్దీ పాడ్‌కాస్ట్ ఆలస్యమవుతుంది. నాకు ఒకసారి రెండు బ్యాచ్‌లు ఒకేసారి పడి మూడు వారాలు ఎపిసోడ్ రాలేదు. డబ్బు వచ్చింది గాని, దాన్ని తెచ్చిన చెట్టుకు నీళ్లు పోయడం మరిచాను.

కుకు ఎఫ్‌ఎం, పాకెట్ ఎఫ్‌ఎం లాంటి ఆడియో కథల యాప్‌లకు సిరీస్ చేసివ్వడం కూడా ఈ కోవలోదే. డబ్బు ఖాయం, హక్కుల సంగతే చూసుకోవాలి. కథ, గొంతు, పాత్రలు ఎవరివి, ఎన్నేళ్లు అన్నది కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి.

## మీరు ఎవరో చూసుకోండి

ఉద్యోగం ఉంది, ఖర్చులు వస్తే చాలు: ఏడాది చందా ఒక్కటే పెట్టండి. ప్రత్యేక ఎపిసోడ్లు ఇస్తామని మాట ఇవ్వొద్దు. స్పాన్సర్లతో టెన్షన్ మీకెందుకు?

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నారు: ఆగండి. ఆరు నెలలు వరసగా ఇంటి ఖర్చులో సగం పాడ్‌కాస్ట్ నుంచి వచ్చాక మానేయండి. రెండు దారులైనా ఉండాలి, అందులో ఒకటి క్లాసులు గాని వాయిస్ పని గాని అయితే నెల నెట్టుకురావచ్చు.

మీరే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు: వీసా చూసుకోండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు పక్క ఆదాయం మొదలుపెట్టే ముందు లాయర్ని అడగడం మంచిది. అది తేలాక మీకు పేట్రియానే సులువు.

సినిమా, సెలబ్రిటీ ఇంటర్వ్యూలు: యూట్యూబ్ ప్రకటనలు, స్పాన్సర్లు. చందాల మీద సమయం పెట్టొద్దు.

సాహిత్యం, చరిత్ర, వ్యవసాయం, చట్టం: చందా, దానికి తోడు ఒక క్లాసో వర్క్‌షాపో. ఆ రంగానికి సరిపోయే ఒక్క స్పాన్సర్ దొరికితే ఏడాదికి ఒప్పందం చేసుకోండి.

ఏ దారిలో వెళ్లినా ఈ వారమే చేయగల పని ఒకటుంది: వినేవాళ్లను ఈమెయిల్ జాబితాలోనో, వాట్సాప్ ఛానెల్‌లోనో, ఎక్కడో ఒకచోట మీ చేతిలో పెట్టుకోవడం. రేపు ఏ యాప్ మూతపడినా "ఇక్కడున్నాను, రండి" అని చెప్పడానికి దారి ఉంటుంది.

ఇక అడగడం. చాలామందికి ఇక్కడే గొంతు పెగలదు. నాకు పనికొచ్చిన మాటలివి, ఎపిసోడ్ చివర్లో, ఇరవై సెకన్లు: "ఈ కార్యక్రమం చేయడానికి వారానికి నాకు పన్నెండు గంటలు పడుతుంది. ఏడాది నడవడానికి రెండొందల మంది 1,116 చొప్పున ఇస్తే చాలు. ఇప్పటికి 43 మంది ఇచ్చారు. లింకు కింద ఉంది. ఇవ్వలేకపోయినా వినండి, ఎపిసోడ్లు అందరికీ ఒకేలా వస్తాయి." ఆ తర్వాత ఈ వారం ఇచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు చదవండి. చదివేటప్పుడు తొందరపడొద్దు, ఊరి పేరు తప్పు పలకొద్దు. అంకాపూర్ ఆయన ఊరిని ఒకసారి అంకాపురం అన్నాను, డబ్బులిచ్చి మరీ ఫోన్ చేసి తిట్టారు.